‘మా పరిధి కాదు’ అంటే... మరి ఎవరి పరిధి?

ఇంటర్నెట్‌కు యజమాని అంటూ ఎవరూ లేరు. అలాగని అడిగే దిక్కే లేదనుకుంటే పొరపాటు! ఏ పని ఎవరిదో ముందే తెలిసుంటే, ఆపద వేళ కాళ్లరిగేలా తిరిగే అవస్థ చాలావరకు తప్పుతుంది.

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల్లో ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. బాయి ఎట్లా నడుస్తుందో ఇట్టే చెబుతుంది. దిగే ముందు గ్యాస్ ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసేది సర్దార్. షిఫ్టు మొత్తం చూసుకునేది ఓవర్‌మన్. గని అంతటికీ జవాబుదారీ మేనేజర్. ఆ పైన కంపెనీ. ఆ కంపెనీలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. వీళ్లంతా రక్షణ నియమాలు పాటిస్తున్నారా లేదా అని తనిఖీకి వచ్చేది మాత్రం కంపెనీతో సంబంధం లేని గనుల భద్రత డైరెక్టరేట్. దాని ప్రధాన కార్యాలయం ఎక్కడో ధన్‌బాద్‌లో ఉంది. ఇంతమంది చేతుల్లో నడుస్తున్నా, ‘ఇది ఎవరి డ్యూటీ?’ అని అడిగితే కాగితం మీద జవాబు దొరుకుతుంది.

మరి అదే ఇంట్లో పొద్దస్తమానం చేతిలో ఉండే ఫోన్ సంగతేమిటి? అందులో నడిచే ఇంటర్నెట్ ఎవరి డ్యూటీ?

ఒక ఉదాహరణ అనుకుందాం. డిగ్రీ చదివే అమ్మాయి ఫొటోను ఎవరో మార్చి, తన పేరుతోనే దొంగ ఖాతా తెరిచి అందులో పెట్టారు. తల్లి గుండె చేత్తో పట్టుకుని బయల్దేరింది. సిమ్ అమ్మిన దుకాణంలో అడిగితే ‘మేం సిగ్నలే ఇస్తామమ్మా, ఫొటోలతో మాకేం పని?’ అన్నారు. ఆ ఖాతా నడిపే కంపెనీకి ఈ ఊళ్లో ఆఫీసే లేదు. స్టేషన్‌కు వెళ్తే ‘ఇది సైబర్ కేసమ్మా, అక్కడికి పోండి’ అన్నారు. తిరిగి తిరిగి ఇంటికొచ్చాక ‘ఎందుకొచ్చిన గొడవ, ఫోన్ మానెయ్ బిడ్డా’ అంటుంది తల్లి. తప్పు చేసినవాడు నిశ్చింతగా ఉంటాడు. అమ్మాయి మాత్రం చదువుకు, స్నేహితులకు దూరమవుతుంది!

ఇందులో కొందరు చెప్పింది నిజమే, కొందరిది తప్పించుకునే ధోరణి. ఏది నిజమో, ఏది సాకో తెలియాలంటే ఇంటర్నెట్ బాధ్యతను ఎవరెవరు ఎట్లా పంచుకున్నారో కొంచెం తెలుసుకోవాలి.

పేర్లు, నంబర్లు ఇచ్చేదెవరు?

ఉత్తరం చేరాలంటే చిరునామా ఉండాలి కదా! నెట్‌లోనూ అంతే. ప్రతి యంత్రానికీ ఒక నంబరు, మనం గుర్తుపెట్టుకోవడానికి ఒక పేరు. ఒకే పేరు ఇద్దరికి ఇస్తే అంతా గందరగోళమే. మొదట్లో ఈ పట్టీని అమెరికాలో జాన్ పోస్టెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దాదాపు ఒంటిచేత్తో చూసుకునేవారు. 1998లో ఈ పనికోసం ‘ఐకాన్’ అనే లాభాపేక్ష లేని సంస్థ కాలిఫోర్నియాలో ఏర్పడింది. చాలాకాలం దానిమీద అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ఉండేది. ‘ప్రపంచమంతా వాడుకునే దానిమీద ఒక్క దేశం పెత్తనమేమిటి?’ అని మిగతా దేశాలు అడుగుతూనే వచ్చాయి. చివరకు 2016 అక్టోబర్ 1 నుంచి ఆ పర్యవేక్షణ ముగిసింది. ఆ తర్వాత ఐకాన్ మొట్టమొదటి సదస్సు ఎక్కడ జరిగిందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే, 2016 నవంబర్ 3 నుంచి 9 వరకు!

మన దేశం వరకు వస్తే ‘.ఇన్’ తో ముగిసే పేర్లను ‘నిక్సీ’ అనే సంస్థ చూస్తుంది. ఇది 2003లో ఏర్పడింది. 2005 నుంచి ‘.ఇన్’ పేర్ల బాధ్యత దీనిదే. అచ్చ తెలుగు లిపిలో ‘.భారత్’ అని ముగిసే పేర్లు కూడా దీని కిందికే వస్తాయి.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. వీళ్లు పేర్ల పట్టీ చూస్తారే తప్ప, ఆ పేరు కింద ఎవరేం రాశారో, ఎవరి ఫొటో పెట్టారో చూడరు. మునిసిపాలిటీ ఇంటికి నంబరు వేస్తుంది. ఆ ఇంట్లో గొడవైతే మునిసిపాలిటీ వచ్చి తీర్పు చెప్పదు కదా!

‘జ్ఞా’ తెచ్చిన తంటా

బాధ్యత ముక్కలుగా ఉండటం వల్ల ఎంత చిత్రమైన చిక్కులొస్తాయో చెప్పడానికి మన తెలుగు అక్షరమే సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞానం’లోని ‘జ్ఞా’ను ఒక ప్రత్యేకమైన రీతిలో కూర్చి పంపితే చాలు, ప్రపంచంలో ఎక్కడున్నా ఐఫోన్లలో మెసేజ్‌లు చదివే యాప్‌లు కుప్పకూలిపోయేవి. తెలుగు ముక్క రానివాళ్లు కూడా ఆ అక్షరాన్ని ఆకతాయితనానికి ఒకరికొకరు పంపుకున్నారు.

తప్పెవరిది? తెలుగుకు కంప్యూటర్లో నంబర్లు కేటాయించినది యూనికోడ్ అనే సంస్థ. 1991లో వచ్చిన మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దక్కింది. అక్షరానిది తప్పు కాదు, యూనికోడ్‌దీ కాదు. ఆ అక్షరాన్ని తెరమీద చూపించాల్సిన ఆపిల్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే లోపం. ఫిబ్రవరి 19న ఆ కంపెనీయే దిద్దుబాటు విడుదల చేసింది. పది చేతుల్లో ఉన్న పనిలో ఏ చెయ్యి జారిందో కచ్చితంగా పట్టుకోగలిగితేనే దిద్దుబాటు సాధ్యమవుతుందని ఇది చూపించింది.

ఢిల్లీకి కొంత, హైదరాబాద్‌కు కొంత

ఇక మన ప్రభుత్వాల సంగతి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ ప్రకారం టెలిఫోన్లు, ఇతర ప్రసార సాధనాలు కేంద్రానివి. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రానివి. నెట్‌లో జరిగే నేరం ఈ రెండింటి మధ్యలో పడుతుంది. తీగె ఢిల్లీది, దాని మీద దొంగతనం చేసినవాడిని పట్టుకోవాల్సింది రాష్ట్ర పోలీసు! పైగా ఢిల్లీలోనూ అంతా ఒకేచోట లేదు.

సిమ్ కార్డులు, ఫోన్ కంపెనీల లైసెన్సులు టెలికాం శాఖవి. డేటా ధరలు, సేవల తీరు చూసేది ట్రాయ్. సోషల్ మీడియా కంపెనీలు ఎలా నడుచుకోవాలో నియమాలు పెట్టేది ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ. 2000 సంవత్సరపు ఐటీ చట్టం దీని చేతిలోనే ఉంది. కంప్యూటర్ల మీద దాడులు జరిగితే హెచ్చరించేది 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్. సైబర్ నేరాల ఫిర్యాదుల పోర్టల్ కేంద్ర హోం శాఖది. బ్యాంకులు దారికి రావాలంటే రిజర్వు బ్యాంకు చెప్పాలి. ఎఫ్ఐఆర్ రాసి, నిందితుడిని పట్టుకుని కోర్టులో నిలబెట్టేది మాత్రం మన రాష్ట్ర పోలీసే.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. అందుకే ‘సీఐ సారు చూడాలమ్మా’ అని స్టేషన్‌లో అంటే అది వట్టి సాకు కాకపోవచ్చు. కానీ ఫిర్యాదు తీసుకోవడానికే నిరాకరిస్తే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దీన్నే ‘జీరో ఎఫ్ఐఆర్’ అంటారు. నెట్‌లో జరిగిన నేరం ‘ఎక్కడ’ జరిగిందని వాదించుకునే పని లేకుండా ఇది ఎంతో మేలు చేస్తుంది.

ఒక్క ఉత్తరం ఏం చేసింది?

ఇన్ని ఆఫీసులనూ ఒక్కచోట కూర్చోబెట్టడం మనవల్ల అవుతుందా అని నిట్టూర్చకండి. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఉత్తరం ఆ పని చేసింది.

2015 ప్రారంభంలో సామూహిక అత్యాచారాల వీడియోలు రెండు వాట్సాప్‌లో చేతులు మారుతూ హైదరాబాద్‌లోని ‘ప్రజ్వల’ సంస్థ దృష్టికి వచ్చాయి. ఆడపిల్లల అక్రమ రవాణాపై పోరాడుతున్న సునీతా కృష్ణన్ స్థాపించిన సంస్థ ఇది. ఆ వీడియోలను తీసినవాళ్లు, పంచినవాళ్లు నేరగాళ్లే. ముఖాలు దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. ఆమె బాధితుల ముఖాలు కనపడకుండా చేసి, నేరగాళ్ల ముఖాలను లోకానికి చూపించారు. అందుకు ప్రతిఫలంగా ఆమె కారు మీద రాళ్లు పడ్డాయి. అయినా వెనక్కి తగ్గలేదు. ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసి, వీడియోలున్న పెన్‌డ్రైవ్‌ను జతచేసి పంపారు.

కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. కానీ అసలు ప్రశ్న అక్కడే ఉంది. నేరగాళ్లు దొరికినా వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కు పోతూనే ఉంటుందే! దాన్ని ఆపాల్సింది ఎవరు? చూసి ఫిర్యాదు చేయాలనుకున్నవాళ్లు తమ పేరు బయటపడకుండా ఎక్కడ చెప్పాలి?

2017 మార్చిలో కోర్టు ఒక కమిటీ వేసింది. ప్రభుత్వ అధికారులు ఒకవైపు, గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్, మైక్రోసాఫ్ట్, యాహూ కంపెనీల ప్రతినిధులు మరోవైపు. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాల్సి వచ్చింది. అందరూ ఒప్పుకున్నవి, ఏకాభిప్రాయం కుదరనివి వేరువేరుగా నివేదికలో రాశారు. ఒప్పుకున్నవాటిని అమలు చేయాలని ఆ ఏడాది అక్టోబర్‌లో కోర్టు చెప్పింది. పర్యవసానంగా 2018 సెప్టెంబర్ 20న హోం శాఖ ఫిర్యాదుల పోర్టల్ మొదలైంది. తొలుత పసిపిల్లల మీద, స్త్రీల మీద లైంగిక హింసకు సంబంధించిన దృశ్యాలపైనే ఫిర్యాదులు తీసుకునేవారు, అదీ పేరు చెప్పకుండానే ఇచ్చే వీలుతో. 2019 ఆగస్టు 30 నుంచి అన్ని రకాల సైబర్ నేరాలకూ విస్తరించారు.

ఇప్పుడు శ్రీరాంపూర్‌లో ఒక అమ్మాయి ఇంట్లో కూర్చునే ఫిర్యాదు నమోదు చేయగలుగుతోందంటే దాని వెనక ఆ ఉత్తరం ఉంది. బాధ్యత పంచుకున్న చోట ఎవరో ఒకరు గట్టిగా అడగకపోతే అది ఎవరి చేతిలోనూ ఉండదు. అడిగితే మాత్రం అందరి చేతులూ కదులుతాయి.

కత్తికి రెండు వైపులా పదునే

‘మరి ప్రభుత్వానికే అన్ని అధికారాలూ ఇచ్చేస్తే పోలా?’ అనిపించవచ్చు. తొందరపడకండి. ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ ఉండేది. ‘చికాకు కలిగించే’ రాతలు రాసినా జైలే. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ రాతకు ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశారు. 2013లో హైదరాబాద్‌కు చెందిన పౌరహక్కుల న్యాయవాది జయా వింధ్యాలను కూడా ఫేస్‌బుక్ వ్యాఖ్యలపై చీరాల పోలీసులు ఇదే సెక్షన్ కింద అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని వేసిన కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆడవాళ్ల రక్షణ పేరు చెప్పి ఆడవాళ్ల నోరే నొక్కే ప్రమాదం ఉంది. అందుకే ప్రభుత్వం, కంపెనీలు, కోర్టులు, పౌర సంఘాలు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటమే మంచిది.

ఏ తలుపు ఎప్పుడు తట్టాలి?

సరే, ఇంతకీ మనకేదైనా జరిగితే ఏం చేయాలి?

డబ్బు పోతే: క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఈ ఫోన్లను 2023లో ఏర్పడిన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో చూస్తుంది. డబ్బు దొంగ ఖాతా నుంచి మరో ఖాతాకు పోకముందే బ్యాంకుల చేత ఆపించే ప్రయత్నం చేస్తారు. ‘ఆయన డ్యూటీ నుంచి వచ్చాక చెబుదాం’ అనుకుంటే అప్పటికి అది చేతులు మారిపోతుంది. వెంటనే మీ బ్యాంకుకూ చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. మోసంలో మీ తప్పుగానీ, బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు నష్టపోనక్కర్లేదని 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పొరపాటున ఓటీపీ మీరే చెప్పేసినా సరే, బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయే సొమ్ము బ్యాంకు భరించాల్సిందేనని కూడా అందులో ఉంది. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

ఫొటో, వీడియో పెడితే: ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. తేదీ, ఖాతా పేరు, లింకు కనపడాలి. కోపంలో అన్నీ చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. తర్వాత ఆ కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి రాయండి. ఇలాంటి అధికారి ఉండాలని 2021 నియమాలు చెబుతున్నాయి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసిన ఫొటోల విషయంలో బాధితురాలు చెప్పిన 24 గంటల్లో తీసేయాలని అప్పుడు గడువు పెట్టారు. ఆ తర్వాత దాన్ని ఇంకా కుదించారు. కంపెనీ పట్టించుకోకపోతే 2023లో కేంద్రం వేసిన అప్పీళ్ల కమిటీకి 30 రోజుల్లోగా వెళ్లవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఎవరైనా ఫొటో బయటపెడతానని బెదిరిస్తుంటే: ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే వెబ్‌సైట్ ఉంది. మీ ఫొటో మీ ఫోన్ దాటి పోదు. దాని గుర్తు మాత్రమే, అంటే వేలిముద్రలాంటి ఒక సంకేతం కంపెనీలకు వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీల వేదికల మీద ఆ ఫొటో ఎక్కించబోతే పట్టుకోగలుగుతారు. ఇది 18 ఏళ్లు నిండినవారికి. డబ్బులిచ్చి నోరు మూయించాలని చూడకండి, అడగడం ఆగదు.

పోలీసుల దగ్గరకు: శ్రీరాంపూర్ పోలీస్ స్టేషన్ రామగుండం కమిషనరేట్ కిందికి వస్తుంది. కమిషనరేట్‌కు సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంది. ముందుగా దగ్గరలో ఉన్న స్టేషన్‌కే వెళ్లండి. ఫిర్యాదు కాగితం మీద అందినట్లు సంతకం, ముద్ర అడగండి. వెంటపడి వేధించడం, చాటుగా ఫొటోలు తీయడం వంటి నేరాల్లో మీ వాంగ్మూలం మహిళా అధికారే రాసుకోవాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

మీ పేరుతో సిమ్‌లు: మీ ఆధార్ మీద ఎవరైనా సిమ్ తీసుకున్నారేమోనన్న అనుమానముంటే టెలికాం శాఖ వారి ‘సంచార్ సాథీ’లో చూసుకోవచ్చు. మీవి కానివాటిని అక్కడే తీసేయమని చెప్పవచ్చు.

నిర్ణయాల్లో మన మాట

ఆపద వచ్చాక తలుపులు తట్టడమేనా, నియమాలు రాసేటప్పుడు మన మాట అక్కర్లేదా? 2005లో ట్యునీషియాలో ఐక్యరాజ్యసమితి సదస్సు ఒక మాట తేల్చింది. ఇంటర్నెట్ పాలన ప్రభుత్వాలు, ప్రైవేటు కంపెనీలు, పౌర సమాజం తమతమ పాత్రల్లో కలిసి చేయాల్సిన పని అని. దానికోసం ఏటా జరిగే సదస్సు 2008 డిసెంబర్‌లో హైదరాబాద్‌కే వచ్చింది. ‘ఇంటర్నెట్ అందరికీ’ అన్నదే అప్పటి నినాదం.

ఆ ‘పౌర సమాజం’ అంటే ఎవరో కాదు, మనమే. నమ్మకం కలగడం లేదా? 2015లో కొన్ని యాప్‌లకు ఒక ధర, మిగతావాటికి ఒక ధర పెట్టవచ్చా అని ట్రాయ్ ప్రజల అభిప్రాయం అడిగింది. మామూలు జనం నుంచి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న అలాంటి తేడా ధరలు కుదరవని ట్రాయ్ తేల్చేసింది. ఇప్పటికీ ట్రాయ్ ఏదైనా మార్చాలంటే ముందు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. ఐటీ శాఖ కూడా చాలాసార్లు అలాగే అడుగుతుంది. అవి ఆంగ్లంలో ఉంటాయన్నది నిజమే. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకుని, మన అనుభవం నాలుగు ముక్కలు రాసి పంపితే చాలు.

అంతకంటే ముందు చేయగలిగింది ఒకటుంది. మహిళా సంఘం సమావేశం జరిగినప్పుడు పొదుపు లెక్కలయ్యాక ఒక పావుగంట ఈ సంగతులు మాట్లాడుకోండి. పిల్లకు ఏదైనా జరిగితే ముందుగా అమ్మకే చెప్పుకునేలా ఇంట్లో ధైర్యమివ్వండి. ‘ఫోన్ లాక్కుంటారు’ అనే భయంతోనే చాలామంది అమ్మాయిలు నోరు విప్పరు. ఇక గోడ మీది క్యాలెండర్‌లో గ్యాస్ బుకింగ్ నంబరు ఉంటుంది కదా... దాని పక్కనే 1930 కూడా ఈరోజే రాసిపెట్టుకోండి!